సోవియట్ మహిళా యుద్ధ పైలట్లు: నాలుగు దారుల్లో మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాలు నడిపిన ఆడవాళ్ళ గురించి వెతికితే ముందుగా ఎదురయ్యేది 'నైట్ విచెస్' (రాత్రి మంత్రగత్తెలు) అని పేరుపడిన 588వ రెజిమెంట్. చాలామంది అక్కడే ఆగిపోతారు. కాస్త లోపలికి వెళ్ళినవాళ్ళకు తికమక మొదలవుతుంది. సోవియట్ యూనియన్ మూడు మహిళా రెజిమెంట్లను (586, 587, 588) యుద్ధానికి పంపింది. అవి కాక, మగవాళ్ళ రెజిమెంట్లలో చేరి పోరాడినవాళ్ళు వేరే ఉన్నారు. సెమినార్ కోసమో, వ్యాసం కోసమో, పిల్లలకు చెప్పడానికో, లేదా ఊరికే చదువుకోవడానికో ఒకదాన్ని ఎంచుకోవాలంటే ఏది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్ళు చదువుకోవడానికైతే 587వ బాంబర్ రెజిమెంట్‌తో మొదలుపెట్టండి. అందరికంటే తక్కువగా చెప్పుకునేది వాళ్ళ గురించే, అందరికంటే కష్టమైన విమానం నడిపినదీ వాళ్ళే. కానీ మీ అవసరం వేరైతే సమాధానం కూడా మారుతుంది. అందుకే ఈ పోలిక.

అమెరికా, బ్రిటన్ ఎందుకు లేవంటారేమో. అమెరికా 'వాస్ప్' పైలట్లలో శిక్షణ పూర్తి చేసినవాళ్ళు 1,074 మంది, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు 38 మంది. బ్రిటన్‌లో ఏటీఏ మహిళలు స్పిట్‌ఫైర్ల నుంచి పెద్ద బాంబర్ల దాకా నడిపారు. కానీ వాళ్ళ పని విమానాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం, పరీక్షించడం, శిక్షణలో సాయపడటం. శత్రువు మీదికి పంపలేదు. యుద్ధంలో పోరాడిన మహిళా పైలట్లే మీకు కావాలంటే సోవియట్ చరిత్రకే రావాలి.

## దేన్ని బట్టి పోల్చాలి

అందరూ ముందు సార్టీల సంఖ్య చూస్తారు. ఒకసారి పైకి లేచి, పని ముగించి దిగితే అది ఒక సార్టీ. 588వ రెజిమెంట్ ఖాతాలో దాదాపు 24,000 సార్టీలు ఉన్నాయి, 587 ఖాతాలో 1,134. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి 588 గొప్పదని తేల్చేస్తే పెద్ద అన్యాయం చేసినట్టే.

లెక్క వేసి చూడండి. 588 వేసిన బాంబులు దాదాపు 3,000 టన్నులు, అంటే సార్టీకి సగటున 125 కిలోలు. 587 వేసినవి దాదాపు 980 టన్నులు, సార్టీకి 860 కిలోల పైమాటే. ఒకరు ముందు వరుసకు దగ్గర్లోని పొలం నుంచి లేచి, రాత్రంతా తిరిగి తిరిగి వెళ్ళారు. ఇంకొకరు పగటి వెలుతురులో, ఫైటర్ల మధ్యలోంచి, గుంపుగా ఒక్కసారి వెళ్ళి వచ్చారు. పని వేరైనప్పుడు సంఖ్యలు పోల్చి లాభం లేదు.

కాబట్టి నేను ఈ నాలుగూ చూస్తాను:

- ఆ విమానం పైలట్‌ను ఏమడుగుతుంది? ఓపికా, ఒంట్లో బలమా, క్షణంలో నిర్ణయమా?
- ఒక్క సార్టీలో ఎదురయ్యే ప్రమాదం ఎలాంటిది?
- చుట్టూ ఎవరున్నారు? అందరూ ఆడవాళ్ళేనా, మగవాళ్ళూ ఉన్నారా, లేక ఆమె ఒక్కరేనా?
- మనకు దొరికే రికార్డు ఎంత గట్టిది? వీరగాథల్లో పెంచి చెప్పిన పాళ్ళు ఎంత?

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. వీళ్ళ సాహసానికి అతిశయోక్తి అక్కర్లేదు. తప్పు అంకె ఒకటి దొర్లితే నిజమైన సాహసం మీద కూడా అనుమానం వస్తుంది.

## అన్ని దారులూ బయల్దేరే చోటు: మరీనా రస్కోవా

మీరు ఏ రెజిమెంట్ తీసుకున్నా రస్కోవా గురించి కొంత తెలియాలి. 1938 సెప్టెంబర్‌లో వాలెంతీనా గ్రిజోదుబోవా, పొలీనా ఒసిపెంకోతో కలిసి ఆమె మాస్కో నుంచి దూర ప్రాచ్యానికి ఆగకుండా ఎగిరారు. 26 గంటల 29 నిమిషాల ప్రయాణం అది. ఇంధనం అయిపోవచ్చింది, అడవి మధ్యలో ఎక్కడో దించక తప్పదు. నావిగేటర్, అంటే దారి లెక్కగట్టే రస్కోవా, కూర్చునేది విమానం ముక్కులో. దిగేటప్పుడు ముక్కు నేలకు గుద్దుకుంటే ఆమె బతకదు. అందుకని ముందే పారాచ్యూట్‌తో దూకమన్నారు. రస్కోవా దూకారు. దాదాపు తిండి లేకుండా పది రోజులు టైగా అడవిలో నడిచి విమానాన్ని చేరుకున్నారు. ఆ ముగ్గురే 'సోవియట్ యూనియన్ హీరో' బిరుదు అందుకున్న తొలి మహిళలు.

1941లో జర్మనీ దాడి మొదలయ్యాక, ఫ్లయింగ్ క్లబ్బుల్లో విమానం నేర్చుకున్న అమ్మాయిలు తమను యుద్ధానికి పంపమని అడగసాగారు. రస్కోవా తనకున్న పేరును వాళ్ళ కోసం వాడారు. 1941 అక్టోబర్ 8న మూడు మహిళా రెజిమెంట్ల ఏర్పాటుకు ఉత్తర్వు వచ్చింది. వోల్గా ఒడ్డున, సరాతోవ్‌కు ఎదురుగా ఉన్న ఎంగెల్స్‌లో శిక్షణ. మామూలుగా ఏళ్ళు పట్టే శిక్షణను నెలల్లోకి కుదించారు. ఇచ్చిన యూనిఫారాలు మగవాళ్ళవి, బూట్లు కాళ్ళకు వదులు. దాదాపు అందరూ ఫైటర్ పైలట్ కావాలనే కోరుకున్నారు. ఎవరు ఏ విమానం ఎక్కాలో రస్కోవా నిర్ణయించారు.

## ఒక చూపులో

| | 586 | 587 | 588 | మగవాళ్ళ రెజిమెంట్లలో చేరినవాళ్ళు |
|---|---|---|---|---|
| విమానం | యాక్-1, తర్వాత యాక్-7, యాక్-9 | పే-2 | పో-2 | యాక్-1, ఇల్-2 మొదలైనవి |
| పని | నగరాలు, రైల్వే జంక్షన్ల రక్షణ | పగటి బాంబుదాడి | రాత్రి బాంబుదాడి | ఫైటర్ పోరు, నేలమీది లక్ష్యాలపై దాడి |
| చుట్టూ ఎవరు | మహిళలు, తర్వాత మగ కమాండర్, మగ పైలట్లు కూడా | ఎక్కువగా మహిళలు, 1943 నుంచి మగ కమాండర్ | చివరిదాకా మహిళలే | ఎక్కువగా మగవాళ్ళు |
| తర్వాతి పేరు | అదే | 125వ గార్డ్స్ (గౌరవ హోదా) | 46వ గార్డ్స్ | వర్తించదు |
| ఎవరికి సరిపోతుంది | వైమానిక రక్షణ ఎలా పనిచేస్తుందో చూడాలనుకునేవారికి | విమానం, క్రూ, క్రమశిక్షణ ముఖ్యమనుకునేవారికి | మొదటిసారి చదివేవారికి, పిల్లలకు | ఒక మనిషి జీవితం తెలుసుకోవాలనుకునేవారికి |

## 588: అందరికీ తెలిసినవాళ్ళు

పో-2 అంటే ప్లైవుడ్, గుడ్డతో కట్టిన రెండు రెక్కల శిక్షణ విమానం. గరిష్ఠ వేగం గంటకు 150 కిలోమీటర్ల చుట్టుపక్కల. కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. 1944 వరకు పారాచ్యూట్లు కూడా లేవు. ఇలాంటి దానిలో ఇద్దరు కూర్చుని, రాత్రిపూట, జర్మన్ల మీద బాంబులు వేసి వచ్చేవారు. లక్ష్యం దగ్గరికి రాగానే ఇంజన్ పవర్ తగ్గించి గ్లైడ్ చేస్తూ దిగేవారు. కింద ఉన్నవాళ్ళకు గాలి చప్పుడు వినపడేసరికి విమానం నెత్తిమీదే ఉండేది. వేగం ఇంత తక్కువ కావడం ఒక రకంగా మేలే చేసింది, జర్మన్ ఫైటర్లు అంత నెమ్మదిగా ఎగురుతూ గురిపెట్టలేకపోయేవి.

నదేజ్దా పోపోవా తర్వాత రోజుల్లో వివరించిన ఎత్తుగడ ఒకటుంది. రెండు విమానాలు ముందు వెళ్ళి సెర్చ్‌లైట్లను తమవైపు లాక్కుని చెరోవైపు విడిపోతాయి. ఆ సందులో మూడోది చీకట్లోంచి వచ్చి బాంబు వేస్తుంది. తర్వాత పాత్రలు మారతాయి. అంటే ప్రతి ఒక్కరూ వంతులవారీగా ఎర కావాలి.

నన్ను అంతకంటే ఎక్కువగా కదిలించేది నేల మీది పని. ఒక విమానానికి ఒక మెకానిక్ అన్న పద్ధతిని పక్కనపెట్టి వాళ్ళు టీములుగా విడిపోయారు. దిగిన విమానానికి ఒక టీము ఇంధనం పోస్తుంటే ఇంకొకటి చీకట్లో, చలిలో, చేతులతో తడుముకుంటూ బాంబులు తగిలించేది. కొన్ని నిమిషాల్లో విమానం మళ్ళీ గాల్లో ఉండేది. 24,000 సార్టీల వెనక ఉన్నది ఈ ఆర్మరర్లు, మెకానిక్‌ల నడుములు. పైలట్ల పేర్లే రాసి వీళ్ళను వదిలేసే వ్యాసాలు నాకు నచ్చవు.

కమాండర్ యెవ్‌దోకియా బెర్షాన్‌స్కయా రెజిమెంట్ మొదటినుంచి యుద్ధం చివరిదాకా పదవిలో ఉన్నారు. ఇరీనా సెబ్రోవా 1,008 సార్టీలు చేశారు. రెజిమెంట్‌లో 23 మందికి సోవియట్ హీరో బిరుదు వచ్చింది. నావిగేటర్ యెవ్‌గేనియా రుద్‌నేవా మాస్కో విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చదువుతూ వచ్చినవారు. యుద్ధం మధ్యలో కూడా తన ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశారు. తన 645వ సార్టీలో, 1944 ఏప్రిల్‌లో క్రిమియాలోని కెర్చ్ దగ్గర చనిపోయారు. తర్వాత ఒక గ్రహశకలానికి ఆమె పేరు పెట్టారు.

1943 జులై 31 రాత్రి గురించి చదవకుండా వీళ్ళ కథ పూర్తి చేయకండి. ఆ రాత్రి దక్షిణ రష్యాలోని కుబాన్ మీద జర్మన్లు ఎప్పటిలా నేలమీది ఫిరంగులు పేల్చలేదు, సెర్చ్‌లైట్లు మాత్రం వెలిగించి రాత్రి ఫైటర్‌ను పంపారు. నాలుగు పో-2లు పోయాయి, ఎనిమిది మంది చనిపోయారు. వెనక వస్తున్నవాళ్ళు ముందు విమానాలు ఒక్కొక్కటిగా మండిపోవడం చూస్తూనే లక్ష్యం వైపు ఎగిరారు.

ఇబ్బంది ఏమిటంటే, ఈ రెజిమెంట్ చుట్టూ కథలు బాగా పేరుకుపోయాయి. జర్మన్లు పెట్టిన పేరు ఆకర్షణీయంగా ఉండటంతో, మంత్రాల మాటలతో వ్యాసం నింపేసే రాతలు బోలెడు. రాసేవాళ్ళు అందులో పడకుండా జాగ్రత్తపడాలి.

## 587: నేను ముందు చదవమనేది

రస్కోవా స్వయంగా కమాండర్‌గా తీసుకున్న రెజిమెంట్ ఇదే. ఇచ్చిన విమానం పే-2. రెండు ఇంజన్లు, గంటకు 500 కిలోమీటర్లు దాటే వేగం, ముగ్గురు క్రూ: పైలట్, నావిగేటర్, గన్నర్. సోవియట్ వైమానిక దళంలో అప్పటికి అధునాతనమైన బాంబర్లలో ఒకటి. మగ పైలట్లకు కూడా ఇది చేతికి సులువుగా లొంగే విమానం కాదు.

టేకాఫ్ దగ్గర ఏం జరిగేదో చూడండి. బాంబులతో బరువెక్కిన విమానం రన్‌వే మీద పరిగెడుతున్నప్పుడు తోక పైకి లేవాలి, దానికి స్టిక్‌ను బలంగా నెట్టాలి. పైలట్ ఒక్కరి బలం చాలకపోతే వెనక ఉన్న నావిగేటర్ కూడా చెయ్యి వేసేవారు. పొట్టిగా ఉన్నవాళ్ళు పెడల్స్ అందడానికి వీపు వెనక దిండ్లు పెట్టుకునేవారు. గన్నర్ తన మెషిన్‌గన్‌ను లోడ్ చేయడానికి లాగాల్సిన లివర్ ఎంత బిగుతుగా ఉండేదంటే, నేల మీద సాధన చేసినప్పుడు చాలామంది అమ్మాయిల వల్ల కాలేదు. యుద్ధంలో మాత్రం లాగారు.

ఫ్రంట్‌కు చేరకముందే పెద్ద దెబ్బ తగిలింది. 1943 జనవరి 4న, స్తాలిన్‌గ్రాద్ వైపు వస్తుండగా మంచు తుఫానులో రస్కోవా విమానం కూలింది. విమానంలో ఉన్న అందరూ చనిపోయారు. తర్వాత వాలెంతీన్ మార్కోవ్ అనే మగ కమాండర్ వచ్చారు. రస్కోవా స్థానంలో ఒక మగవాడా అని రెజిమెంట్‌కు కోపం, ఆడవాళ్ళతో పే-2 నడిపించడమా అని ఆయనకు దిగులు. ఆయన ఫార్మేషన్ విషయంలో చాలా కఠినంగా ఉండేవారు. విమానాలు దగ్గరదగ్గరగా ఎగిరితేనే గన్నర్లు ఒకరినొకరు కాపాడుకోగలరు. ఆ కాఠిన్యం వల్లే ప్రాణాలు దక్కాయని కొన్ని నెలల్లో అందరికీ అర్థమైంది. యుద్ధం తర్వాత మార్కోవ్ ఆ రెజిమెంట్ నావిగేటర్ గలీనా జున్‌కోవ్‌స్కయాను పెళ్ళి చేసుకున్నారు.

1943 జూన్ 2న కుబాన్ మీద ఆ క్రమశిక్షణకు పరీక్ష వచ్చింది. యెవ్‌గేనియా తిమోఫేయెవా నాయకత్వంలో వెళ్ళిన బాంబర్ల మీద జర్మన్ ఫైటర్లు పడ్డాయి, కాపలా ఫైటర్లు పక్కన లేవు. మరియా దోలినా విమానానికి మంటలు అంటుకున్నాయి. ఆ పరిస్థితిలో ఎవరికైనా గుంపులోంచి పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. ఆమె తప్పుకోలేదు. బాంబులు వేసేదాకా గుంపులోనే ఉండి, తర్వాత విమానాన్ని సోవియట్ వైపు నేల మీదికి తెచ్చి పొట్టమీద దించారు. క్రూ ముగ్గురూ బతికారు. దోలినా యుద్ధం మొత్తంలో చేసిన సార్టీలు 72. సెబ్రోవా 1,008 పక్కన ఈ అంకె చిన్నదిగా కనిపిస్తే, ఆ జూన్ రోజును ఒక్కసారి గుర్తుచేసుకోండి.

ఈ దారిలో లోటు ఒకటే. తేలిగ్గా చదివించే కథనాలు తక్కువ. కథంతా ఫార్మేషన్, ఇంజన్లు, క్రూ సమన్వయం మీద నడుస్తుంది. ఒకే నాయిక చుట్టూ తిరిగే కథ కావాలనుకునేవారికి ఇది కాస్త పొడిగా అనిపించవచ్చు. యుద్ధంలో నైపుణ్యం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## 586: కాపలా కాసినవాళ్ళు

ఫైటర్ రెజిమెంట్ అయినా వీళ్ళకు అప్పగించింది వైమానిక రక్షణ. సరాతోవ్, వొరోనెజ్, తర్వాత ఇంకా పడమటి నగరాలు. కాపలా పని బాగా జరిగితే శత్రువు రాకుండా వెనక్కి పోతాడు, కూల్చినవాటి సంఖ్య పెరగదు, పేరూ రాదు. 4,419 సార్టీలకు 38 విజయాలు అన్న లెక్కను ఆ కోణంలోనే చదవాలి. ఈ రెజిమెంట్‌లో ఉంటూ హీరో బిరుదు పొందినవాళ్ళు లేరు.

రెండు సంఘటనలు చాలు. 1942 సెప్టెంబర్ 24 రాత్రి సరాతోవ్ మీద వలేరియా ఖొమ్యకోవా ఒక జర్మన్ బాంబర్‌ను, జంకర్స్-88ను, కూల్చారు. రాత్రి పోరులో శత్రు విమానాన్ని కూల్చిన తొలి మహిళగా ఆమె పేరు నిలిచింది. రెండు వారాలలోపే రాత్రి టేకాఫ్‌లో ప్రమాదం జరిగి ఆమె చనిపోయారు. 1943 మార్చి 19న తమారా పమ్యాత్‌నిఖ్, రయీసా సుర్నచేవ్‌స్కయా ఇద్దరే కస్తోర్నయా రైల్వే జంక్షన్ వైపు వస్తున్న 42 జర్మన్ బాంబర్లకు ఎదురెళ్ళారు. సూర్యుడిని వెనక పెట్టుకుని పైనుంచి దూకి, చెరి రెండు కూల్చారు. మిగతావి బాంబులు ఎక్కడపడితే అక్కడ వదిలేసి చెదిరిపోయాయి. ఇద్దరి విమానాలూ దెబ్బతిన్నాయి, ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

## మగవాళ్ళ రెజిమెంట్లలో చేరినవాళ్ళు

1942 సెప్టెంబర్‌లో 586 నుంచి ఎనిమిది మందిని స్తాలిన్‌గ్రాద్ దగ్గరి మగవాళ్ళ రెజిమెంట్లకు పంపారు. వాళ్ళలో లిదియా లిత్‌వ్యాక్, యెకతెరీనా బుదానోవా ఉన్నారు. ఇద్దరూ 1943 వేసవిలో చనిపోయారు, బుదానోవా జులైలో, లిత్‌వ్యాక్ ఆగస్టు 1న. అప్పటికి లిత్‌వ్యాక్‌కు 22 ఏళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడ రికార్డు బలహీనం. లిత్‌వ్యాక్ కూల్చిన విమానాలు 11 లేదా 12 అని ఎక్కువచోట్ల కనిపిస్తుంది, తక్కువ చెప్పే పరిశోధకులూ ఉన్నారు. ఆమె భౌతికకాయం వెంటనే దొరకకపోవడంతో శత్రువుకు పట్టుబడిందేమోనన్న అనుమానం ఆమె పేరును వదల్లేదు. హీరో బిరుదు 1990లో గానీ ఇవ్వలేదు. ఆమె గురించి రాసేవాళ్ళు ఒకే అంకె పట్టుకుని వాదించకుండా, తేడా ఉందని పాఠకులకు చెప్పేయడం మంచిది.

నేనైతే ఈ దారిలో వెళ్ళేవారిని ముందు అన్నా యెగొరోవా దగ్గరికి పంపుతాను. ఆమె మాస్కో మెట్రో సొరంగాల నిర్మాణంలో పనిచేస్తూ విమానం నేర్చుకున్నారు. ఆమె అన్నయ్యను 'ప్రజాశత్రువు' అని అరెస్టు చేయడంతో ఫ్లయింగ్ స్కూల్ నుంచి వెళ్ళగొట్టారు. అయినా చివరికి ఇల్-2 దాడి విమానం పైలట్ అయ్యారు. 1944 ఆగస్టులో పోలెండ్ మీద విమానం కూలి, ఒళ్ళంతా కాలిన గాయాలతో జర్మన్లకు చిక్కారు. క్యూస్ట్రిన్ క్యాంపులో తోటి ఖైదీ అయిన రష్యన్ డాక్టర్ ఆమెను బతికించారు. క్యాంపు నుంచి విడుదలయ్యాక సొంత సైన్యపు కౌంటర్ ఇంటెలిజెన్స్ వాళ్ళే ఆమెను రోజుల తరబడి ప్రశ్నించారు, పట్టుబడటమే నేరమన్నట్టు. హీరో బిరుదు 1965లో వచ్చింది. దేశం కోసం కాలిపోయిన మనిషిని ఆ దేశమే అనుమానించడం చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

## మీరెవరైతే, ఏది

పిల్లలకు చెప్పాలంటే 588. చీకటి, గుడ్డ రెక్కలు, చుక్కలు చదివే రుద్‌నేవా. పదేళ్ళ పిల్లలకైనా కళ్ళకు కట్టినట్టు చెప్పొచ్చు. మరీ చిన్నవాళ్ళకు జులై 31 రాత్రిని వదిలేయండి.

సెమినార్ లేదా ప్రాజెక్ట్ అయితే 586, 587 రెండింటినీ కలిపి తీసుకోండి. 588 మీద ఇప్పటికే అందరూ రాసి ఉంటారు. "పని మారితే విజయాన్ని ఎలా కొలవాలి" అన్న ప్రశ్న ఈ రెండింటిలో బాగా నిలుస్తుంది.

విమానాల మీద ఆసక్తి ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు, 587.

కథో, నాటకమో రాయాలనుకుంటే యెగొరోవా. లిత్‌వ్యాక్ వైపు మనసు లాగుతుంది, నిజమే, అందం, చిన్న వయసు, మాయమైపోవడం అన్నీ ఉన్నాయి. కానీ ఆమె చుట్టూ ఊహలు ఎంతగా అల్లుకున్నాయంటే, మీరు రాసేది ఆమె గురించో, ఆమె మీద ఇతరులు అల్లిన కథల గురించో తేల్చుకోవడం కష్టం.

మగ సైన్యంలో ఆడవాళ్ళను ఎలా చూశారన్నదే మీ ప్రశ్న అయితే 588, మార్కోవ్ వచ్చాక 587 పక్కపక్కన చదవండి. బెర్షాన్‌స్కయా రెజిమెంట్ లోపల ఎవరూ తమను ఆడవాళ్ళుగా వేరుచేసి చూడలేదు. మార్కోవ్ దగ్గర ఆ నమ్మకం పోరాడి సంపాదించుకోవాల్సి వచ్చింది.

## వెతికేటప్పుడు పొరబడే చోట్లు

రెజిమెంట్ల నంబర్లు మారాయి. 588 అన్నా 46వ గార్డ్స్ అన్నా ఒకటే, 587 అన్నా 125వ గార్డ్స్ అన్నా ఒకటే. వేర్వేరని అనుకుని రెండుసార్లు లెక్కపెట్టిన వ్యాసాలు కనిపిస్తాయి. పేర్లతో కూడా ఇదే చిక్కు: చాలామంది పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారు, లేదా రెండూ కలిపి రాసుకున్నారు. యెగొరోవాను తిమోఫేయెవా-యెగొరోవా అని వెతకాలి, జున్‌కోవ్‌స్కయా కొన్నిచోట్ల మార్కోవా అని ఉంటుంది. 587లో గుంపును నడిపిన తిమోఫేయెవా వేరే మనిషి. పో-2ను 1944 దాకా యూ-2 అనే పిలిచేవారు కాబట్టి, 1942, 1943 నాటి ఉత్తరాలు, డైరీలు చదివేటప్పుడు ఆ పేరుతో చూడండి.